పదో మనిషి ఎవరు?

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా క్లాస్‌మేట్ ఇంటి నుంచి ఒక కార్డు వచ్చింది. శనివారం పొద్దున సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థన మందిరంలో, బాట్ మిట్స్‌వా, సాయంత్రం డిన్నర్. ఆడపిల్ల పెద్దల లెక్కలోకి వచ్చే వేడుక అది. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉండే మనవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. పిల్లలకు పన్నెండు, పదమూడేళ్ళు వచ్చిన ఏడాది ఇలాంటివి రెండు మూడైనా వస్తాయి. మా మొదటి టెన్షన్, ఎంత చదివించాలి అని. ఆఫీసులో ఒక యూదు మిత్రుణ్ణి అడిగితే, "పద్ధెనిమిది ఎక్కంలో ఏదైనా సరే" అన్నాడు. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువలుంటాయి. జీవం అనే అర్థమిచ్చే మాటలో రెండే అక్షరాలు, ఒకటి 8, ఇంకొకటి 10. కలిపితే 18. నూట పదహార్లు, ఐదొందల పదహార్లు కవర్లో పెడుతూ పెరిగినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 108 డాలర్లకు చెక్కు రాశాం. అష్టోత్తరం వాళ్ళకూ చెల్లింది, మనకూ చెల్లింది.

శనివారం వెళ్ళాం. లోపల ఆడా మగా కలిసే కూర్చున్నారు. రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, ఒకావిడ. భుజాల మీద, మూలల నుంచి దారాలు వేలాడే శాలువా. పక్కన గిటారుతో ఒక గాయకుడు. ఎదురు గోడలోని బీరువా లాంటి గూటి తలుపులు తీసి, వెల్వెట్ తొడుగు వేసిన తోరా చుట్టను, అంటే వాళ్ళ ధర్మగ్రంథాన్ని, ఎత్తుకుని, ఊరేగింపులా జనం మధ్య తిప్పారు. బల్ల మీద విప్పాక ఆ పిల్ల చేతికి ఒక వెండి పుల్ల ఇచ్చారు. దాని చివర బుల్లి చెయ్యి, ఆ చేతికి చాచిన చూపుడు వేలు. తోలు మీద చేత్తో రాసిన అక్షరాలను వట్టి వేలితో తాకకూడదు కాబట్టి ఈ వెండి వేలు. ఆ రాతలో అచ్చులుండవు, చుక్కా కామా ఉండవు, రాగం గుర్తులూ ఉండవు. ఉత్త హల్లులే. అక్కడున్నది 'కి'నో 'కు'నో 'కే'నో చూసి తెలుసుకునే వీల్లేదు, ముందే నోటికి వచ్చి ఉండాలి. ఒక మాట దగ్గర ఆ పిల్ల తడబడింది. పక్కనున్నావిడ మెల్లగా సరైన మాట అందించింది. పిల్ల వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ చదివింది. అయ్యాక అందరూ ఆమె మీద మెత్తటి క్యాండీలు విసిరారు. మా ఆవిడకు తలంబ్రాలు గుర్తొచ్చాయట.

సోమవారం ఆఫీసులో ఈ సంబరం చెప్తుంటే, 18 లెక్క చెప్పిన ఆ మిత్రుడే కాస్త ముభావంగా విన్నాడు. "రిఫార్మ్ వాళ్ళదా? మా నాన్నయితే ఆ గడప తొక్కడు" అన్నాడు. ఆచారాలను కాలానికి తగ్గట్టు మార్చుకున్న శాఖ రిఫార్మ్, మార్చకూడదనే శాఖ ఆర్థడాక్స్. కానీ ఒకే తోరా, ఒకే భాష, ఒకే శనివారం. మరి గడప ఎందుకు తొక్కడు?

దీనికి సాధారణంగా దొరికే జవాబు, ఆర్థడాక్స్ వాళ్ళు నిష్ఠగా ఉంటారు, రిఫార్మ్ వాళ్ళు పట్టింపుల్లేకుండా ఉంటారు అని. నాకు ఆ జవాబు సరిపోదనిపిస్తుంది. అసలు గొడవంతా ఒక లెక్క చుట్టూ తిరుగుతుంది. పదిమంది లెక్క.

సినగాగ్‌ను మనం గుడి అనేస్తాం గానీ, అది మన గుడి లాంటిది కాదు. విగ్రహం ఉండదు, గర్భగుడి ఉండదు, అర్చకుడూ ఉండడు. యూదులకు ఒకప్పుడు అలాంటి ఆలయం ఉండేది, జెరూసలేంలో. క్రీ.శ. 70లో రోమన్లు దాన్ని నేలమట్టం చేశాక బలులు, పూజారుల సేవలు ఆగిపోయాయి. ఆ తర్వాత నిలిచింది చదువు, ప్రార్థన, నలుగురూ చేరే చోటు. రబ్బీ పూజారి కాదు, ధర్మశాస్త్రం చదివి చెప్పే గురువు. ఆయన లేకపోయినా ప్రార్థన జరుగుతుంది, తెలిసినవాళ్ళు ఎవరైనా నడపొచ్చు. కానీ పదిమంది లేకపోతే మాత్రం కొన్ని ప్రార్థనలు జరగవు. సభలో తోరా తీసి చదవకూడదు. కద్దీష్ చెప్పకూడదు. ఆ పదిమంది కూటమినే మిన్యన్ అంటారు. ఆర్థడాక్స్ పద్ధతిలో ఆ పదిమందీ పదమూడేళ్ళు నిండిన మగవాళ్ళై ఉండాలి. తొమ్మిదిమంది పండితులున్నా లెక్క తక్కువే. పదమూడేళ్ళ పిల్లాడొకడు లోపలికి వస్తే లెక్క పూర్తి. వాడి పక్కన నిలబడ్డ తల్లి మాత్రం లెక్కలోకి రాదు.

కద్దీష్ సంగతి చెప్తే ఈ లెక్క ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తుంది. పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన అది. విచిత్రమేమిటంటే అందులో చావు అన్న మాటే లేదు, అంతా దేవుడి మహిమే. హీబ్రూ కూడా కాదు, అరామిక్. తల్లి గానీ తండ్రి గానీ పోతే పదకొండు నెలలపాటు చదవాలి. ఆ తర్వాత ఏటా పోయిన రోజున, వాళ్ళ పంచాంగం ప్రకారం. అంటే మన తద్దినంలాగే ఇంగ్లీషు తేదీకి కాదు, తిథికి. ఒంటరిగా గదిలో కూర్చుని చదివేది కాదు. చదివేవాళ్ళు ఒక వాక్యం అంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అనాలి. సంప్రదాయంలో అది కొడుకు బాధ్యత. కొడుకులు లేకపోతే ఎవరినైనా మగవాణ్ణి మాట్లాడుకోవడం ఉంది.

1916లో హెన్రియెట్టా సోల్డ్ తల్లి పోయింది. హదస్సా అనే మహిళా సంస్థను నాలుగేళ్ళ ముందే పెట్టిన మనిషి ఆవిడ. ఒక కుటుంబ మిత్రుడు, మీ అమ్మగారి తరఫున నేను కద్దీష్ చెప్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆవిడ ఎంతో మర్యాదగా కాదని ఉత్తరం రాసింది. మా అమ్మకు ఎనిమిదిమంది ఆడపిల్లలం, కొడుకు లేడని ఆవిడా నాన్నా ఒక్కనాడూ అనలేదు, నాన్న పోయినప్పుడు కూడా కూతుళ్ళ చోట ఇంకెవరినీ నిలబెట్టనివ్వలేదు అని దాని సారాంశం. సోల్డ్ రిఫార్మ్ మనిషి కాదు, సంప్రదాయం మీద ప్రేమున్న మనిషి. అందుకే ఆ ఉత్తరానికి అంత బరువు. తలకొరివి ఎవరు పెట్టాలన్న మాట ఇంట్లో విన్న ఏ తెలుగు ఆడపిల్లకైనా ఇది పరాయి కథ అనిపించదు.

అయితే సంస్కరణ మొదలైంది ఆడవాళ్ళ లెక్కతో కాదు. పద్ధెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో యూరప్ దేశాలు ఒక్కొక్కటీ యూదులకు పౌరహక్కులు ఇవ్వడం మొదలుపెట్టాయి. పిల్లలు ఊరి బడికి, కొందరు విశ్వవిద్యాలయాలకు వెళ్ళారు. ఇంటికొచ్చి సినగాగ్‌లో కూర్చుంటే అర్థం కాని భాషలో గంటలకొద్దీ సాగే ప్రార్థన. 1810లో జర్మనీలోని సీసెన్‌లో ఇజ్రాయెల్ జేకబ్సన్ చర్చిల్లో వాయించే ఆర్గన్ వాద్యంతో, జర్మన్ ప్రసంగంతో ఒక ఆలయం తెరిచాడు. 1818లో హాంబుర్గ్‌లో ఇంకొకటి వచ్చింది. మారినవి ఇప్పుడు చూస్తే చిన్నవే. కొన్ని ప్రార్థనలు కుదించారు, కొన్ని జర్మన్‌లో చదివారు, జెరూసలేం ఆలయాన్ని మళ్ళీ కట్టించమనే మాటలు సడలించారు. ఊళ్ళో రబ్బీలు దీన్ని ఖండిస్తూ పుస్తకమే వేశారు.

అమెరికాలో ఈ తగాదాలు ఇంకా రంజుగా సాగాయి. 1824లో దక్షిణ కరోలైనాలోని చార్ల్‌స్టన్‌లో 47 మంది, ప్రార్థన కుదించండి, కొంత ఇంగ్లీషులో చెప్పండి అని బెత్ ఎలోహిమ్ సినగాగ్ పెద్దలకు అర్జీ పెట్టుకున్నారు. పెద్దలు తోసిపుచ్చారు. అర్జీ పెట్టినవాళ్ళు వేరు కుంపటి పెట్టి, కొన్నేళ్ళకు చల్లారిపోయారు. కానీ పాత భవనం అగ్నికి ఆహుతై, 1841లో కొత్తది కట్టినప్పుడు అందులోకి ఆర్గన్ రానే వచ్చింది. ఈసారి బయటికి పోయింది పాత పద్ధతివాళ్ళు. వ్యాజ్యం కోర్టుకెక్కింది కూడా. 1850లో ఆల్బనీలో, కొత్త సంవత్సరం పండగనాడు, రబ్బీ ఐజాక్ మేయర్ వైజ్ తోరా తీయబోతుంటే సంఘం అధ్యక్షుడే ఆయన మీద చెయ్యి చేసుకున్నాడు. గుళ్ళో కొట్లాట, పోలీసులు రావడం. వైజ్ వర్గం విడిపోయి మరుసటి ఏడాది ఒక చర్చి భవనం కొనుక్కుంది. అందులో కుటుంబమంతా కలిసి కూర్చునే బల్లలు అప్పటికే ఉన్నాయి. వాటిని పీకి ఆడవాళ్ళకు వేరే మేడ కట్టేబదులు అలాగే ఉంచేశారు. అమెరికా సినగాగ్‌లో ఆడా మగా పక్కపక్కన కూర్చోవడం ఇలా మొదలైంది. సిద్ధాంతం కన్నా ముందు ఫర్నిచర్ వచ్చింది. మన కుటుంబాల్లోనూ మడి ఆచారాలు చాలావరకు అపార్ట్‌మెంట్‌లోకి మారినప్పుడే కదా పోయాయి.

ఆ వైజే 1875లో సిన్సినాటిలో హీబ్రూ యూనియన్ కాలేజీ పెట్టాడు. 1883లో తొలి బ్యాచ్ రబ్బీలు పట్టా పుచ్చుకున్న సందర్భంగా విందు జరిగింది. మొదటి వడ్డనే ఆల్చిప్పలు. తర్వాత పీతలు, రొయ్యలు, కప్ప కాళ్ళు. అన్నీ యూదు ధర్మంలో నిషిద్ధమే. పంది మాంసం మాత్రం లేదు, అదేదో పెద్ద నియమం పాటించినట్టు. కొందరు అతిథులు లేచి వెళ్ళిపోయారంటారు. రెండేళ్ళకు పిట్స్‌బర్గ్‌లో రిఫార్మ్ రబ్బీలు చేసిన తీర్మానం ఆహార నియమాలు ఈ కాలానికి అక్కర్లేదని తేల్చేసింది. మార్పు కావాలి గానీ మరీ ఇంత వద్దనుకున్నవాళ్ళు మధ్యే మార్గం పట్టారు. వాళ్ళే కన్జర్వేటివ్ శాఖ అయ్యారు. పేరు చూసి ఛాందసులనుకోవద్దు. బ్రిటన్‌లో రిఫార్మ్, లిబరల్ అని రెండు సంఘాలుండేవి, 2023లో అవి ఒకటవుతామని ప్రకటించి, 2025లో అందుకు ఓటేశాయి. ప్రోగ్రెసివ్ అనేది రిఫార్మ్, లిబరల్ లాంటివాటిని కలిపి చెప్పే గొడుగు పేరు.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తట్టదు. ఈ బండి ఒకే దిక్కుకు పోలేదు. పిట్స్‌బర్గ్ నాటివాళ్ళు టోపీ తీసేశారు, శాలువా తీసేశారు, హీబ్రూ తగ్గించారు. 1937 తీర్మానం ఆచారాల మీద మళ్ళీ మనసు చూపించింది. 1999 నాటిదైతే హీబ్రూ నేర్చుకోమని చెప్పింది. తాతలు వదిలేసిన శాలువాను మనవరాళ్ళు కప్పుకుంటున్నారు. నేను చూసిన ఆ రబ్బీగారి శాలువా అలాంటిదే. 1885 నాటి రిఫార్మ్ పెద్ద ఎవరైనా ఆవేళ అక్కడ ఉంటే ఆడ రబ్బీని చూసి ఎంత ఉలిక్కిపడేవాడో, ఆ శాలువాను చూసీ అంతే ఉలిక్కిపడేవాడు.

ఆడవాళ్ళ విషయానికొస్తే, 1935లో జర్మనీలో రెజీనా యోనాస్ పట్టా పొందిన తొలి మహిళా రబ్బీ అయింది. 1944లో ఆమెను ఆష్విట్స్‌లో చంపేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆమె పేరే ఎవరికీ గుర్తు లేదు. 1972లో అమెరికాలో శాలీ ప్రీసాండ్‌కు పట్టా ఇచ్చినప్పుడు, చరిత్రలో ఇదే మొదటిసారి అనుకున్నారు చాలామంది.

ఈ కథలో మనకు దగ్గరి మలుపు ఒకటుంది. స్కూల్లో మాంటేగు-చేమ్స్‌ఫర్డ్ సంస్కరణలు బట్టీ పట్టాం కదా, 1919వి. ఆ మాంటేగు, భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు, ఒక ఆర్థడాక్స్ బ్యాంకరు కొడుకు. ఆయన అక్క లిలీ మాంటేగు లండన్‌లో 1902లో జూయిష్ రెలిజియస్ యూనియన్ అనే ఉదారవాద సంఘం మొదలుపెట్టింది. తండ్రికి ఆ పని బొత్తిగా నచ్చలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో లండన్‌లో వైద్యం చదువుతున్న ఒక భారతీయ అమ్మాయి మీద ఆ సంఘం ప్రభావం పడింది. ఆమె జెరూషా ఝిరాద్. పుట్టింది శివమొగ్గలో, మహారాష్ట్ర తీరపు యూదులైన బెనే ఇజ్రాయెల్ వాళ్ళ కుటుంబంలో. ప్రసూతి వైద్యంలో ఎం.డి. చేసి తిరిగొచ్చి, తర్వాత బొంబాయి కామా ఆసుపత్రిని రెండు దశాబ్దాల దాకా నడిపింది, 1966లో పద్మశ్రీ అందుకుంది. ఆ డాక్టరమ్మే 1925లో బొంబాయిలో అదే పేరుతో జూయిష్ రెలిజియస్ యూనియన్ పెట్టింది. మన దేశంలో ప్రోగ్రెసివ్ యూదు సంఘం అదే. ప్రపంచ ప్రోగ్రెసివ్ యూదు సమాఖ్య లండన్‌లో ఏర్పడింది 1926లో. అంటే బొంబాయి సంఘం దానికన్నా ఏడాది పెద్దది.

బెనే ఇజ్రాయెల్ వాళ్ళ గురించి రెండు మాటలు చెప్పకపోతే ఇది అర్థం కాదు. కొంకణ్ తీరంలో ఓడ మునిగి బతికి బయటపడ్డవాళ్ళ సంతతి అని వాళ్ళ నమ్మకం. గానుగ ఆడించి నూనె తీయడం వృత్తి. శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి ఊళ్ళో వాళ్ళను శనివార్ తేలీలు అన్నారు. మాట్లాడేది మరాఠీ. మొక్కు తీరితే ఏలీయా ప్రవక్త పేరు మీద మలీదా పెడతారు. తడిపిన అటుకుల్లో కొబ్బరి కోరు, పంచదార కలిపి, పళ్ళతో పళ్ళెంలో పేరుస్తారు. ఇది ఏ శాఖ ప్రార్థన పుస్తకంలోనూ లేదు, అయినా ఆ ఇళ్ళలో అది లేకుండా శుభకార్యం గడవదు. ఆర్థడాక్స్, ప్రోగ్రెసివ్ అనే గీత యూరప్‌లో గీసింది. కొంకణ్ అటుకుల పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి ఆ గీత కొంచెం చెరిగిపోతుంది.

వాళ్ళకూ లెక్క బాధ తప్పలేదు. 1948 తర్వాత చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. 1960ల మొదట్లో అక్కడి ప్రధాన రబ్బీలు, పెళ్ళిళ్ళు చేసేముందు బెనే ఇజ్రాయెల్ వంశాలు ఆరా తీయాలన్నారు. మీరు నిజంగా యూదులేనా అని అడిగినట్టే. కుటుంబాలు జెరూసలేం వీధుల్లో ధర్నాకు దిగాయి. 1964లో పార్లమెంటు కలగజేసుకుని వీళ్ళు అన్ని విధాలా యూదులే అంటే గానీ సద్దుమణగలేదు. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటూ శనివారం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళకు అలాంటి గుర్తింపు రాలేదు.

ఇంతకీ యూదుడంటే ఎవరు? పాత సూత్రం సూటిగా ఉంటుంది. తల్లి యూదురాలైతే బిడ్డ యూదు, లేదా పద్ధతి ప్రకారం మతం పుచ్చుకున్నవాళ్ళు. 1983లో అమెరికా రిఫార్మ్ రబ్బీలు దీన్ని మార్చారు. తల్లిదండ్రుల్లో ఎవరు యూదు అయినా చాలన్నారు. అందరూ ఇంతవరకే చెప్తారు. తీర్మానంలో రెండో సగం ఉంది, ఆ బిడ్డ యూదుగా పెరగాలి, నామకరణం, చదువు, బాట్ మిట్స్‌వా లాంటివాటితో అది నలుగురికీ తెలియాలి అని. అంటే పాత లెక్కలో పుట్టుక ఒక్కటే చాలు, కొత్త లెక్కలో పుట్టుకకు తోడు పెంపకమూ కావాలి. సడలించారనడం సగం నిజమే. ఆర్థడాక్స్ వాళ్ళ అభ్యంతరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. ధర్మం పైనుంచి వచ్చిందని నమ్మేవాళ్ళకు, రబ్బీలు సమావేశమై చేతులెత్తి దాన్ని మార్చడం ఏమిటో మింగుడు పడదు. పైగా రెండు జాబితాలు ఏర్పడితే ఒక జాబితాలో ఉన్నవాళ్ళతో ఇంకో జాబితావాళ్ళు పెళ్ళి చేసుకోలేరు. వాళ్ళ భయం అదే.

అమెరికాలో ప్యూ అనే పరిశోధన సంస్థ చేసిన 2020 సర్వేలో అమెరికా యూదు పెద్దల్లో 37 శాతం మంది తాము రిఫార్మ్ అన్నారు, 9 శాతం ఆర్థడాక్స్ అన్నారు. ఇజ్రాయెల్‌లో తూకం తలకిందులు. అక్కడ యూదుల పెళ్ళి చట్టం ఆర్థడాక్స్ రబ్బీల చేతిలో ఉంది, రిఫార్మ్ రబ్బీ చేసిన పెళ్ళి రిజిస్టర్‌లోకి ఎక్కదు. దేశంలో జరిగే రిఫార్మ్ మతస్వీకారాలను పౌరసత్వం కోసమైనా గుర్తించాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

ఇక సంఘం రోజువారీగా ఎలా నడుస్తుందంటే, సభ్యత్వ రుసుము మీద. శనివారం డబ్బు ముట్టకూడదు కాబట్టి హుండీ లేదు, పళ్ళెం తిప్పడం లేదు. కుటుంబానికి ఏడాదికి ఇంతని కట్టాలి, ఇవ్వలేనివాళ్ళు మాట్లాడుకుంటారు. సభ్యులు బోర్డును ఎన్నుకుంటారు, బోర్డు కమిటీ వేసి రబ్బీని ఇంటర్వ్యూ చేసి కాంట్రాక్టు మీద తీసుకుంటుంది. పార్కింగ్ లాట్‌కు తారు వేయించాలా వద్దా అన్నది కూడా ఓటుకు వస్తుంది. మన తెలుగు సంఘాల జనరల్ బాడీ మీటింగులు చూసినవాళ్ళు ఆ దృశ్యాన్ని తేలిగ్గా ఊహించుకోవచ్చు. ఆదివారం పిల్లలకు హీబ్రూ బడి, మనబడిలాగే. బతిమాలి పంపడమూ మనలాగే. ఇంట్లో ఎవరైనా పోతే ఏడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే పని పెట్టరు, ఏ పూట ఎవరు భోజనం తేవాలో జాబితా రాసుకుంటారు.

గుమ్మం దగ్గర ఆవేళ మా బ్యాగు చూసిన సెక్యూరిటీ మనిషి ఊరికే లేడు. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్‌లో మూడు సంఘాలు పంచుకునే భవనంలో ఒకడు తుపాకీతో 11 మందిని చంపాడు. 2022 జనవరిలో టెక్సస్‌లోని కోలీవిల్‌లో, చిన్న రిఫార్మ్ సినగాగ్ తలుపు ఒక అపరిచితుడు తట్టాడు. చలి పొద్దు. రబ్బీ చార్లీ సైట్రన్-వాకర్ లోపలికి పిలిచి టీ పెట్టిచ్చాడు. కాసేపటికి, ప్రార్థన మధ్యలో, అతని దగ్గర తుపాకీ బయటపడింది. దాదాపు పదకొండు గంటల నిర్బంధం తర్వాత రబ్బీ అతని మీదికి కుర్చీ విసిరి మిగతా ఇద్దరితో బయటికి పరిగెత్తాడు. ఆ టీ ఎందుకిచ్చావని అడిగినవాళ్ళున్నారు. తలుపు తీయకపోతే అది సినగాగ్ ఎలా అవుతుందన్న ప్రశ్నా, గార్డు లేకుండా తలుపు తీయడం ఎలా అన్న ప్రశ్నా రెండూ ఇప్పుడు బోర్డు మీటింగుల్లో ఒకే పూట నలుగుతాయి.

పదిమందిని ఎలా లెక్కపెడతారో చెప్పి ఆపుతాను. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కించకూడదని యూదుల్లో పట్టింపు. మన ఊళ్ళో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటారే, అలాంటిదే. అందుకని కీర్తనల గ్రంథంలోంచి సరిగ్గా పది మాటలున్న ఒక వచనం అందుకుంటారు. నీ జనులను రక్షించుము, నీ స్వాస్థ్యమును ఆశీర్వదింపుము అనే వచనం. మనిషికో మాట చొప్పున చెప్పుకుంటూ పోతారు. ఢిల్లీ హుమాయూన్ రోడ్డులోని జూదా హయాం సినగాగ్‌కు వచ్చే కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఏ శాఖ పేరూ తగిలించుకోని చోటు అది. శుక్రవారం సాయంత్రం అక్కడ ఆడవాళ్ళను కూడా కలుపుకునే లెక్క చూస్తారు. హోషియా, ఎత్, అమ్మెఖా అంటూ ఆ పది మాటలు వరసనే సాగి, పదో మాట హాఓలాం దగ్గర ఆగుతాయి. ఆ మాట ఒక్కోసారి, తండ్రి తద్దినానికి కద్దీష్ చదవడానికి వచ్చిన కూతురి మీద పడుతుంది.